పంతొమ్మిది రోజుల బెల్టు

నుర్‌గాజీ చేతికి అప్పటికే పెన్ను ఇచ్చేశారు. కనిషాయ్ ఆసుపత్రి గదిలోకి అడుగుపెట్టేసరికి అతను మంచం మీద సగం లేచి కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, సంతకం ఎక్కడ చెయ్యాలో వెతుక్కుంటున్నాడు. పక్కన నిలబడ్డ సార్జెంటు వేలితో చోటు చూపిస్తున్నాడు. గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై అయింది.

“పెన్ను కింద పెట్టు తమ్ముడూ,” అంది ఆమె.

“మేజర్ గారు సంతకం తీసుకోమన్నారు,” అన్నాడు సార్జెంటు.

“మేజర్ గారికి నేను చెప్పుకుంటాను. నువ్వు కాసేపు బయట నిలబడు.”

సార్జెంటు ఆమె గుర్తింపు కార్డు వైపు, ఆమె మొహం వైపు చూసి తలుపు దగ్గరికి తప్పుకున్నాడు.

ఆరు రోజుల క్రితం, మంగళవారం పొద్దున పదకొండూ నలభైకి, తుయుక్-బులాక్ ఆసుపత్రి అంబులెన్సు అక్-బెల్ కనుమ దిగుతూ మూడో మలుపు దగ్గర రోడ్డు తప్పి లోయలోకి జారింది. వెనక ఉన్న నర్సు సైరగుల్, స్ట్రెచర్ మీదున్న గొర్రెల కాపరి అక్కడికక్కడే పోయారు. డ్రైవర్ నుర్‌గాజీ పక్కటెముకలు విరిగి బతికాడు. ఇంజన్ ముందు తిరిగే బెల్టు తెగిందని మొదటి రోజే తేలింది. డైనమోని, నీళ్ళ పంపుని, పవర్ స్టీరింగ్‌ని తిప్పేది ఆ ఒక్క బెల్టే. అది తెగితే స్టీరింగ్ బండబారిపోతుంది. వదులైన బెల్టుతో, తెలిసి తెలిసి బండి నడిపాడని ట్రాఫిక్ మేజర్ కుబాత్ కేసు రాశాడు. కనిషాయ్‌ని రాజధాని బిష్కెక్ నుంచి దర్యాప్తు అధికారిగా పంపింది ఆ కేసు ఒకసారి సరిచూసి మూసెయ్యడానికే. ఆమెకిచ్చిన గడువు ఈ సాయంత్రం నాలుగింటితో సరి.

“ఎజే, నన్ను వదిలెయ్యండి,” అన్నాడు నుర్‌గాజీ. తనకంటే ఎనిమిదేళ్ళు పెద్దది గనక అక్క అన్న పిలుపే పిలిచాడు. “సంతకం పెట్టేస్తాను. నడిపింది నేనే కదా.”

“నడిపింది నువ్వే. బెల్టు ఎప్పుడు వేశావు?”

“తెగడానికి పంతొమ్మిది రోజుల ముందు.”

“దానికి ముందు?”

“ఫిబ్రవరిలో ఒకటి. డిసెంబరు మొదట్లో ఒకటి.”

“నాలుగు నెలల్లో మూడు బెల్టులు. అంతకు ముందున్నది?”

“అదా? మూడేళ్ళు నడిచింది. మార్చేటప్పటికి కూడా గట్టిగానే ఉంది.”

కనిషాయ్ పెన్సిల్ ఆగింది. ఒక్క బెల్టుతో మూడేళ్ళు నడిచిన బండికి ఉన్నట్టుండి నెలకో బెల్టు ఎందుకు కావాల్సొచ్చింది? ఆరు రోజుల కాగితాల్లో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

“చప్పుడేమైనా వచ్చేదా?”

“కూసేది. పిట్టపిల్ల కిచకిచలాడినట్టు. పొడి రోజుల్లో చెవులు చిల్లులు పడేవి. రోడ్డు మీద మంచు కరిగి నీళ్ళు చిమ్మిన రోజున మాత్రం నోరు మూసుకునేది.”

“ఎవరికైనా చెప్పావా?”

“గ్యారేజీలో అశిర్‌కి చెప్పాను. బెల్టు నాసిరకం, వేరేది వెయ్యి అన్నాడు. వేశాను. అదీ కూసింది. మళ్ళీ చెప్పాను. బెల్టే నాసిరకం అన్నాడు మళ్ళీ.”

“ఆ రోజు ఏం జరిగింది?”

నుర్‌గాజీ కిటికీ గట్టు వైపు చూశాడు. అక్కడొక సంచిలో యాపిల్ పళ్ళున్నాయి. ఒక్కటి కూడా ముట్టినట్టు లేదు.

“కనుమ మీది సొరంగం దాటాక ఎర్ర దీపం వెలిగింది. బ్యాటరీది. సైరగుల్ వెనక చిన్న కిటికీలోంచి తల పెట్టి, ఏంటది నుర్‌గాజీ అని అడిగింది. ఏం లేదులే, కూర్చో అన్నాను.” అతను ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. “తర్వాత స్టీరింగ్ తిరగలేదు ఎజే. రెండు చేతులతో వేలాడాను. తిరగలేదు.”

“ఈ పళ్ళు ఎవరు తెచ్చారు?”

“సైరగుల్ వాళ్ళాయన. నిన్న వచ్చాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. సంచి అక్కడ పెట్టి, కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. అందుకే సంతకం పెట్టేస్తానంటున్నా. నా వల్ల కావట్లేదు.”

అతనికి దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు మీద ఎర్రటి చారలు కనిపించాయి. కనిషాయ్ వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఆవిడ అతని వీపు మీద చెవిగొట్టం పెట్టి విని, కనిషాయ్‌ని వరండాలోకి తీసుకెళ్ళింది.

“ఊపిరితిత్తికి ఎముక గుచ్చుకున్నట్టుంది. ఇక్కడ మా చేతుల్లో ఏమీ లేదు. బిష్కెక్ పంపాలని మూడు రోజుల నుంచీ అడుగుతున్నాం. ముద్దాయి కదా, మేజర్ గారు కదలనివ్వట్లేదు.”

“నేను రాసిస్తే?”

“రాసిస్తే ఈ పూటే పంపిస్తాం.”

కనిషాయ్ నోటుపుస్తకంలో కాగితం చింపి, గోడకు ఆనించి రాసి, తన బాధ్యత మీద అని చేర్చి సంతకం పెట్టింది. ఈ కేసులో తను చేసిన మంచి పని ఇదొక్కటే అవుతుందేమో అనుకుంటూ మెట్లు దిగింది.

పోలీసు యార్డు ఊరి చివర ఉంది. అంబులెన్సు పక్కకు ఒరిగి పడుంది. వెనక భాగం అప్పచ్చిలా అణిగిపోయింది. ముందు భాగం మటుకు పెద్దగా చెదరలేదు. బానెట్ తెరిచి, అందులోకి నడుం వరకూ వంగి ఉన్నాడు ఒస్కోన్. డెబ్బై ఏళ్ళ మనిషి. ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించి రిటైరయ్యాడు. జిల్లా గ్యారేజీ వాళ్ళను నమ్మలేక కనిషాయ్ ఇతన్ని ఇంటికెళ్ళి బతిమాలి తీసుకొచ్చింది.

“తెగిన ముక్క ఇటివ్వమ్మా,” అన్నాడు.

ఆమె కవరులోంచి తీసి ఇచ్చింది. ముసలాయన దాన్ని వేళ్ళతో పాములా మెలిపెట్టాడు, వాసన చూశాడు, గోరుతో గీకాడు.

“నూనె తగల్లేదు. తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, వాసనొస్తుంది. పాతదీ కాదు. పాతదైతే అడ్డంగా పగుళ్ళుంటాయి. లోపలి వైపు ఈ గాడులు చూడు, ఒక్క పగులుందా?”

“మేజర్ గారి రిపోర్టులో బెల్టు వదులుగా ఉందని రాశారు. డ్రైవర్ బిగించుకోలేదని.”

“వదులైతే జారుతుంది. జారితే లోపలి గాడులు అద్దంలా మెరుస్తాయి. మెరుస్తున్నాయా?”

“లేదు.”

“మరి అరిగిందెక్కడ?” ముసలాయన బెల్టుని అంచు మీద నిలబెట్టి చూపించాడు. ఒక అంచు కొత్త బెల్టులా పదునుగా ఉంది. రెండో అంచు నిండా తెల్లటి దారాలు లేచి, గడ్డం పెరిగినట్టుంది. “ఇటు వైపే తినేసింది. ఎవరో కూర్చుని ఒక్క వైపే ఆకురాయి పెట్టి రుద్దినట్టు.”

కనిషాయ్‌కి పొద్దుటి మాట గుర్తొచ్చింది. “పెద్దాయనా, నీళ్ళు చిమ్మితే కూత ఆగిపోయేదట.”

ఒస్కోన్ తలెత్తాడు. “ఆగేదా? పెరిగేది కాదూ?”

“ఆగేది. డ్రైవరే చెప్పాడు.”

“సరిగ్గా విన్నావా?”

“రాసుకున్నాను కూడా.”

“అయితే ఆ పిల్లాడి తప్పు లేదమ్మా. వదులు బెల్టు తడిస్తే ఇంకా గట్టిగా కేక పెడుతుంది. తడిస్తే నోరు మూసుకునేది వంకరగా నడిచే బెల్టు ఒక్కటే. బెల్టు తిరిగే పుల్లీలన్నీ ఒక వరసలో లేవన్నమాట.”

అతను సంచిలోంచి పొడవాటి స్టీలు స్కేలు తీశాడు. ఇంజను నేరుగా తిప్పే క్రాంకు పుల్లీ మొహానికి ఆనించాడు. స్కేలు నీళ్ళ పంపు పుల్లీకి అతుక్కున్నట్టు తాకింది. స్టీరింగ్ పంపుకీ తాకింది. డైనమో దగ్గరికి వచ్చేసరికి అడ్డు తగిలి పైకి లేచింది. డైనమో పుల్లీ మిగిలిన వాటికంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంది.

“ఎంత?”

“మూడు మిల్లీమీటర్లు. కంటికి ఆనదు. బెల్టుకి మాత్రం ప్రతి చుట్టుకీ తెలుస్తుంది.”

“ఎందుకలా వచ్చింది?”

ముసలాయన లైటు లోపలికి వంచాడు. డైనమోకీ దాన్ని బిగించిన బ్రాకెట్‌కీ మధ్య, బోల్టుకి రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. “ఇది బండితో వచ్చిన డైనమో కాదు. పెద్దది, తర్వాత వేసింది. బ్రాకెట్‌లో సరిగ్గా కూర్చోకపోతే రెండు వాషర్లు తోసి బిగించారు. ఆ రెండు వాషర్ల మందమే ఈ మూడు మిల్లీమీటర్లు.”

కనిషాయ్ ఫోనుతో ఫొటోలు తీస్తుండగా యార్డు గేటు తెరుచుకుంది. క్రేను ఉన్న లారీ ఒకటి, దాని వెనక జీపు లోపలికి వచ్చాయి. పన్నెండూ ఇరవై. జీపులోంచి మేజర్ కుబాత్ దిగాడు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. కోపంలో కూడా గొంతు పెంచడని పేరుంది.

“కనిషాయ్ గారూ, మీరింకా ఇక్కడే ఉన్నారా? కాగితాలు చూడటానికి వచ్చారనుకున్నాను. రెంచీలు పట్టుకుంటారని ఎవరూ చెప్పలేదు.”

“మీ కాగితాల్లో లేనిది ఇక్కడుంది మేజర్ గారూ. ఈ లారీ ఎందుకు?”

“యార్డు ఖాళీ చెయ్యాలి. ఈ తుక్కు కరిగించే చోటికి వెళ్తుంది. ఉత్తర్వు శనివారమే వచ్చింది.”

“ఇది సాక్ష్యం. తీసుకెళ్ళడానికి వీల్లేదు.”

“సీలు వేశారా మరి?”

ఆమె దగ్గర సీలు లేదు. సీలుకి బిష్కెక్ నుంచి కాగితం రావాలి. పొద్దున్నే అడిగింది. రేపు పంపుతామన్నారు.

“రెండు గంటలు ఆగండి,” అంది.

“దేనికి? బెల్టు వదులు, డ్రైవర్ నిర్లక్ష్యం. అంతే కదా.”

“వదులు బెల్టు తడిస్తే ఎక్కువ కూస్తుంది. ఇది తడిస్తే ఆగేది. బెల్టు ఒక్క అంచే అరిగింది. డైనమో మూడు మిల్లీమీటర్లు ముందుకుంది.”

“బండి నలభై మీటర్లు దొర్లింది. మూడు మిల్లీమీటర్లు కాకపోతే మూడు గజాలు వంగుతుంది. దీనికి డెబ్బై ఏళ్ళ మెకానిక్కు కావాలా?”

“ఇలా రా నాయనా,” అన్నాడు ఒస్కోన్, మేజరు హోదాని పట్టించుకోకుండా. “ఈ బోల్టు మీద పసుపు రంగు గీత కనిపిస్తోందా? బోల్టు తల మీంచి బ్రాకెట్ మీదకు గీశారు. బిగించినవాడు బిగించాక పెట్టే గుర్తు. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగిపోతుంది. విరిగిందా?”

మేజర్ వంగి చూశాడు. గీత చెక్కుచెదరలేదు.

“ఇంకా చూడు. వెనక పేరుకున్న నల్లటి పొడి బెల్టు రాలినది. దాని మీద చలికాలపు ఉప్పు, బురద పొరలు పొరలుగా గడ్డకట్టాయి. ఆరు రోజుల్లో ఇంత పేరుకోదు. నెలల పని ఇది. బండి దొర్లకముందే వంకర ఉంది.”

కనిషాయ్ పగిలిన ముందద్దం మూలకి వెళ్ళింది. అక్కడ అంటించిన తనిఖీ చీటీ సగం చిరిగినా, డైనమో మార్పిడి అన్న మాట, తేదీ, సంతకం మిగిలాయి.

“పద్నాలుగో డిసెంబరు. సంతకం మీది. డైనమో మార్చిన తర్వాత బండి భద్రంగా ఉందని రాసిచ్చింది మీరే.”

“బండి స్టార్టవుతుందా, దీపాలు వెలుగుతాయా, బ్రేకులు పడతాయా. అంతే చూస్తాం. ఒక్కో బండినీ విప్పుకుంటూ కూర్చుంటే మాకు ఇంకో జన్మ కావాలి.”

“ఎన్ని బండ్లు చూశారు ఆ రోజు?”

“గుర్తులేదు.”

“ఎంతసేపట్లో చూశారు?”

అతను లారీ మనుషుల వైపు చెయ్యి ఊపాడు. కొక్కాలు దిగాయి. కనిషాయ్ వెళ్ళి లారీకి అడ్డంగా నిలబడింది. డ్రైవర్ ఇబ్బందిగా మేజర్ వైపు చూశాడు.

“తప్పుకోండి,” అన్నాడు మేజర్ దగ్గరికొచ్చి, ఆమెకొక్కదానికే వినపడేంత మెల్లగా. “మీ మీద మీ పైవాళ్ళున్నట్టే నా మీదా ఉన్నారు. మీరు సాయంత్రం వెళ్ళిపోతారు. నేను ఇక్కడే బతకాలి. ఆ బెల్టు కవరు కూడా ఇటివ్వండి. అది మా కట్టలోది.”

కవరు లెక్క ప్రకారం వాళ్ళదే. ఇవ్వనంటే దొంగతనం కింద రాస్తాడు. ఆమె ఇచ్చేసింది. పక్కకు జరిగింది. బండి గాల్లోకి లేచి ఒకసారి ఊగి, లారీలోకి దిగింది. పగిలిన అద్దాలు జలజల రాలాయి. ఆమె చేతిలో మిగిలింది ఫోనులో తొమ్మిది ఫొటోలు.

ఒస్కోన్ జేబులోంచి కురుత్ ఉండ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఎండబెట్టిన పెరుగు ఉప్పగా నాలుకకి తగిలాక గానీ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని ఆమెకి తెలియలేదు.

“అమ్మా, ఒక మాట,” అన్నాడు ముసలాయన. “నీ ఫొటోల్లో బ్రాకెట్ పక్కది ఒకటి తీశావు చూడు. అక్కడ అదే పసుపు రంగుతో ఏదో అంకె ఉంది. నా కళ్ళకి ఆనలేదు.”

ఆమె ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది. గరుకు లోహం మీద, చేత్తో వేసిన అంకె. నాలుగు.

“బిగించినవాడు లెక్క పెట్టుకున్నాడు,” అన్నాడు ఒస్కోన్. “ఇది నాలుగోదైతే, ఒకటీ రెండూ మూడూ ఎక్కడో ఉండాలి కదా.”

ఒంటిగంటా ఇరవై ఆరుకి ఆమె గ్యారేజీలో అశిర్‌కి ఫోను చేసింది. అతను చాలాసేపటికి ఎత్తాడు.

“అశిర్, పెద్ద డైనమోలు ఎన్ని బండ్లకి వేశావు?”

“ఎవరు మీరు?”

“నుర్‌గాజీ కేసు చూస్తున్నదాన్ని. ఎన్ని?”

“ఆరు, ఎజే.”

“ఆరింటికీ రెండేసి వాషర్లా?”

“బ్రాకెట్లు సరిపోలేదు. పేషెంట్లు చలికి కొయ్యబారిపోతున్నారు, వెనక హీటర్లు తిరగాలి, పాత డైనమోలు చాలట్లేదు, తొందరగా కానియ్యమన్నారు. కొత్త బ్రాకెట్లు రెండు నెలలకి గానీ రావన్నారు. వాషరు వేస్తే గట్టిగానే నిలబడింది. అన్నీ ఒకేలా చేసుకుపోయాను.” అతను వెక్కాడు. “బెల్టులు వరసగా తెగుతుంటే అప్పుడు తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు. సైరగుల్ మా వీధి మనిషే, ఎజే.”

“ఏడుపు తర్వాత. మిగతా అయిదూ ఎక్కడున్నాయి?”

“రెండు బెల్టు తెగి షెడ్డులో ఉన్నాయి. రెండు కింద మైదానం ఊళ్ళలో తిరుగుతున్నాయి, కొండెక్కవు. ఇంకోటి...”

“ఇంకోటి?”

“ఇంకోటి ఇవాళే బయల్దేరింది. పన్నెండింటికి. ఆసుపత్రి నుంచి బిష్కెక్‌కి.”

“ఎవరున్నారు అందులో?”

“మీకు తెలీదా? నుర్‌గాజీయే. ఒక సార్జెంటు, ఒక నర్సు కూడా ఉన్నారు. మీరే కాగితం రాసిచ్చారట కదా.”

యార్డు, గేటు, గాజు పెంకులు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కనిషాయ్‌కి గోడకు ఆనించి రాసిన ఆ నాలుగు వాక్యాలు కళ్ళముందు అక్షరం అక్షరంగా కదిలాయి. ఆమె పరుగెత్తింది. గేటు బయట మేజర్ జీపు అప్పుడే మలుపు తీసుకుంటోంది. బానెట్ మీద అరచేతులతో బాదింది.

“మీ రేడియో కావాలి. నుర్‌గాజీని ఎక్కించిన అంబులెన్సుకీ అదే డైనమో ఉంది. కొండెక్కింది.”

మేజర్ మొదట నమ్మలేదు. ఆ తర్వాత అతని మొహంలో రంగు మారింది. “మీ కాగితం చూసి, వాడి వెంట కాపలాకి నా సార్జెంటుని పంపాను,” అన్నాడు. “నేనే పంపాను.”

రేడియో మీట నొక్కాడు. గరగర తప్ప ఏమీ లేదు. కొండకి అవతల తరంగాలు అందవు. సార్జెంటు ఫోను మోగనేలేదు. డ్రైవర్‌దీ అంతే. సొరంగం దగ్గర కాపలా గదిలో తీగ ఫోను ఒకటుంది. ఆ నంబరు మేజర్‌కి నోటికొచ్చు. రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి అతను చెబుతుంటే కనిషాయ్ ఫోను లాక్కుని తనే నొక్కింది. ఒంటిగంటా ముప్పై ఎనిమిది.

“సొరంగం పోస్టు. తెమిర్ని మాట్లాడుతున్నా.”

“తెమిర్, పోలీసు తరఫున మాట్లాడుతున్నాను. తుయుక్-బులాక్ అంబులెన్సు అక్కడికి వచ్చిందా?”

“వచ్చింది ఎజే. వెళ్ళిపోయింది కూడా.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. అయిదు నిమిషాలైంది. ఈ పాటికి సొరంగం దాటి అవతల దిగుతూ ఉంటుంది.”

“వెనకాల మీ జీపు పంపించు. ఎలాగైనా ఆపించాలి.”

“జీపు డీజిలు కోసం కిందికి వెళ్ళిందే. నేనొక్కణ్ణే ఉన్నాను.” అతనికి ఆమె గొంతులో ఏదో తేడా వినిపించినట్టుంది. “ఏం కాదులెండి, కంగారు పడకండి. ఇక్కడ కాసేపు ఆగారు. ఇంజను వేడెక్కిపోయింది, ఏదో ఎర్ర దీపం వెలిగి ఆరుతోందన్నాడు డ్రైవరు. నీళ్ళడిగాడు. బకెట్టు నిండా నేనే తెచ్చి పోశాను. లోపల పేషెంటు బాగా దగ్గుతున్నాడు. ఇక్కడ దించెయ్యండి, ముందుకెళ్ళొద్దు అని గొణుగుతూనే ఉన్నాడు. జ్వరం పలవరింత అని నర్సమ్మ పడుకోబెట్టింది.”

మేజర్ జీపు తలుపు పట్టుకుని నిలబడి, అవతలి గొంతు వినడానికి తల ఆమె చెవి దగ్గరికి వంచాడు.

“లారీలన్నీ రోడ్డు పక్కకి తీయించి, ముందు వాళ్ళనే వదిలాను,” అంటున్నాడు తెమిర్. “దారి మొత్తం ఖాళీ. ఎంత వేగంగా అయినా వెళ్ళొచ్చని డ్రైవరుకి చెప్పాను. మంచి పనే చేశాను కదా, ఎజే?”